కెమెరా వంచగానే జూమ్ లెన్స్ జారిపోతోందా? ఇలా ఆపండి

పెళ్లి మండపంలో తలంబ్రాలను పైనుంచి తీయాలని కెమెరాను ఎత్తుగా బిగించి, లెన్స్‌ను నిలువుగా కిందికి వంచి పెడతాం. వధూవరులు, తలంబ్రాల పళ్లెం, చుట్టూ చేరిన బంధువులు అందరూ ఫ్రేమ్‌లో చక్కగా ఇమిడారు. కాసేపయ్యాక ఫొటోలు చూస్తే అంచుల్లో ఉన్నవాళ్లు సగానికి తెగిపోయి ఉంటారు. ఫోకస్ కూడా తప్పి ఉంటుంది. కెమెరాను ఎవరూ ముట్టుకోలేదు. లెన్స్ ముందుభాగం తన బరువుకు తానే కిందికి జారి, జూమ్ మారిపోయింది. ఖైరతాబాద్ గణపతి దగ్గరికి వెళ్తే ఇదే తంటా తలకిందులుగా ఎదురవుతుంది. స్వామి ముఖం కోసం 200 ఎంఎం దాకా జూమ్ చేసి కెమెరా పైకెత్తితే, బటన్ నొక్కేలోపే బ్యారెల్, అంటే లెన్స్ గొట్టం, లోపలికి ముడుచుకుంటుంది.

ఫొటోగ్రాఫర్లు దీన్ని జూమ్ క్రీప్ అంటారు. మొదటిసారి చూసినవాళ్లు లెన్స్ పోయిందేమోనని టెన్షన్ పడతారు, కొత్తది కొనాలేమో అనుకుంటారు. చాలా సందర్భాల్లో ఆ అవసరం రాదు. లెన్స్‌ను విప్పకుండా, బయటినుంచే, సరైన చోట కాస్త పట్టు కల్పిస్తే సరిపోతుంది. ఆ చోటు ఎక్కడ, ఆ పట్టు దేనితో ఇవ్వాలి, ఏ పని అస్సలు చేయకూడదు అన్నవి తెలిస్తే చాలు.

అసలు ఎందుకు జారుతుంది

జూమ్ రింగ్ తిప్పితే లోపల ఒక గొట్టం తిరుగుతుంది. ఆ గొట్టానికి ఏటవాలుగా, మెలి తిరిగిన గాడులు ఉంటాయి. ముందు గాజులను మోసే భాగానికి చిన్న రోలర్లు ఉండి ఆ గాడుల్లో నడుస్తాయి. రింగ్ తిరిగితే ముందుభాగం బయటికి వస్తుంది. దీనికి ఉల్టా కూడా నిజమే: ముందుభాగాన్ని లాగితే రింగ్ తిరుగుతుంది. లెన్స్‌ను కిందికి వంచినప్పుడు ఆ లాగే పని భూమి ఆకర్షణ చేస్తుంది. పార్కులో జారుడుబల్ల ఎంత నిటారుగా ఉంటే పిల్లలు అంత వేగంగా జారినట్టే, గాడి ఎక్కడ నిటారుగా ఉంటే అక్కడ లెన్స్ ఎక్కువగా జారుతుంది. అందుకే చాలా సూపర్‌జూమ్‌లు, అంటే 18-200 ఎంఎం లాంటి ఎక్కువ రేంజ్ ఉన్న లెన్స్‌లు, రెండు చివర్లలో కొంత నిలకడగా ఉండి, మధ్య రేంజ్‌లో మాత్రం ఆగకుండా జారిపోతాయి.

కొత్తగా ఉన్నప్పుడు లోపలి గ్రీజు, ఫెల్ట్ లాంటి రాపిడి పట్టీలు, రోలర్ల బిగువు కలిసి ఈ జారుడును ఆపుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ అవి అరుగుతాయి. ఎండలో గ్రీజు పలచబడుతుంది కాబట్టి డిసెంబరు పొద్దున గట్టిగా ఉన్న రింగే మే నెల మధ్యాహ్నం వదులుగా అనిపించవచ్చు.

అన్ని లెన్స్‌లకూ ఈ సమస్య ఉండదు. జూమ్ చేసినా పొడవు మారని లెన్స్‌లలో గాజులు లోపలే కదులుతాయి, బరువైన ముందుభాగం బయటికి రాదు. సోనీ 200-600 అలాంటిదే. డీఎస్ఎల్ఆర్ల కాలపు 70-200 ఎఫ్ 2.8 లెన్స్‌లలో ఎక్కువ భాగం కూడా అంతే. తంటా అంతా బయటికి సాగే లెన్స్‌లతోనే. అందులోనూ 18-200, 18-270, 28-300 లాంటి ఎక్కువ రేంజ్ ఉన్నవాటితో. నికాన్ 2005లో తెచ్చిన 18-200 వీఆర్ ఈ విషయంలో బాగా పేరుమోసింది. అర కిలోకి పైగా బరువున్న ఆ లెన్స్‌కు మొదట లాక్ లేదు, 2009లో వచ్చిన రెండో వెర్షన్‌కు లాక్ స్విచ్ పెట్టారు. కాబట్టి మీ లెన్స్ జారుతోందంటే మీరు సరిగ్గా వాడకపోవడం వల్లేనని అనుకోకండి. ఆ డిజైన్‌లోనే కొంత ఉంది.

ముందు జారుతున్నది లెన్సేనా చూడండి

ఈ పరీక్ష చేయకుండా రబ్బరు బ్యాండ్లు కొనేయొద్దు. ఫ్రేమ్ మారడానికి ట్రైపాడ్ హెడ్ మెల్లగా వాలిపోవడం కూడా కారణం కావచ్చు. రెండింటికీ వైద్యం వేరు.

ఇంట్లో నేల మీద దినపత్రిక ఒక పేజీ పరవండి. కెమెరాను ట్రైపాడ్‌కు బిగించి నేరుగా కిందికి వంచండి. ఏదైనా పట్టు తప్పినా కెమెరా నేలకు కొట్టుకోకుండా మెడపట్టీని ట్రైపాడ్‌కు చుట్టి ఉంచండి. జూమ్‌ను మధ్య రేంజ్‌లో పెట్టి, పేజీ నాలుగు అంచులూ ఫ్రేమ్ అంచులకు దగ్గరగా ఉండేలా సర్దండి. సెల్ఫ్ టైమర్‌తో ఒక ఫొటో తీయండి. రెండు మూడు నిమిషాలు ఆగి, ఏమీ ముట్టుకోకుండా ఇంకొకటి తీయండి.

రెండు ఫొటోలనూ ఒకదాని తర్వాత ఒకటి చూడండి. పేజీ మధ్యలోని అక్షరాలు అక్కడే ఉండి, నాలుగు అంచులూ సమానంగా బయటికి (కొన్ని లెన్స్‌లలో లోపలికి) జరిగితే అది జూమ్ జారడమే. పేజీ మొత్తం ఒకే వైపుకు జరిగితే లెన్స్ తప్పు లేదు, ట్రైపాడ్ హెడ్ బిగించుకోవాలి. ఎక్సిఫ్ వివరాల్లో, అంటే ఫొటోతో పాటు కెమెరా నమోదు చేసే సమాచారంలో, ఫోకల్ లెంగ్త్ అంకె (జూమ్ ఎంత ఉందో చెప్పే ఎంఎం విలువ) కూడా చూడండి. 70 కాస్తా 85 అయిందంటే ఇక సందేహం లేదు. ఆ అంకె మాత్రం మెట్లుమెట్లుగా మారుతుంది కాబట్టి చిన్న జారుడు అందులో కనపడకపోవచ్చు. పేజీ అంచులనే నమ్మండి.

తరువాత లెన్స్‌ను పైకెత్తి కూడా చూడండి. కొన్ని లెన్స్‌లు కిందికి వంచితే జారతాయి గానీ పైకెత్తితే ముడుచుకోవు. మీ లెన్స్ ఏ వైపు, ఏ రేంజ్‌లో జారుతుందో ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే తర్వాతి పనులన్నీ సులువవుతాయి.

రాత్రిపూట ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ పెట్టినప్పుడు ఇంకో ఆనవాలు దొరుకుతుంది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో ఆకాశం వైపు లెన్స్ ఎత్తి నక్షత్రాలను తీస్తే, చుక్కలు ఫ్రేమ్ మధ్య నుంచి అన్ని వైపులకూ గీతల్లా సాగి కనిపిస్తాయి. భూమి తిరగడం వల్ల వచ్చే గీతలైతే ఒకే దిశలో వంపు తిరుగుతాయి. నడిమధ్య నుంచి కిరణాల్లా విచ్చుకుంటే అది జూమ్ పనే.

లెన్స్ మీదే ఉన్న లాక్, టెన్షన్ రింగ్

చాలా లెన్స్‌లకు పక్కన ఒక చిన్న స్విచ్ ఉంటుంది. కొన్నవాళ్లలో చాలామంది దాన్ని ఎప్పుడూ జరిపి చూడరు. అయితే ఆ లాక్ ఎక్కువగా ఒక్కచోటే, అంటే లెన్స్ పూర్తిగా ముడుచుకున్నప్పుడే పడుతుంది. నికాన్ 200-500 లాక్ 200 దగ్గరే పనిచేస్తుంది. మధ్యలో పడటం లేదని బలవంతంగా నెట్టకండి, లోపలి పిన్ను విరుగుతుంది. అలాంటి లాక్ నడిచేటప్పుడు, బండి మీద వెళ్లేటప్పుడు పనికొస్తుంది. ఫొటో తీసేటప్పుడు పెద్దగా ఉపయోగపడదు.

కొన్ని లెన్స్‌లు ఇంతకంటే మెరుగు. సిగ్మా 150-600 కాంటెంపరరీ లాక్ బ్యారెల్ మీద రాసి ఉన్న ఫోకల్ లెంగ్త్‌ల దగ్గర పడుతుంది. 2016లో వచ్చిన టామ్రాన్ 150-600 జీ2లో జూమ్ రింగ్‌ను ముందుకు జరిపితే ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గరైనా ఆగిపోతుంది. కానన్ 100-400 ఎల్ రెండు తరాల్లోనూ, సోనీ 100-400 జీఎంలోనూ బిగువు పెంచే ప్రత్యేక రింగ్ ఉంది. స్మూత్, టైట్ అని రాసి ఉంటుంది. మీ లెన్స్ వీటిలో ఒకటైతే టైట్ వైపు కొంచెం తిప్పి పైన చెప్పిన పేజీ పరీక్ష మళ్లీ చేయండి. అక్కడితో మీ పని అయిపోయినట్టే.

ముందు బరువు తగ్గించండి

పైసా ఖర్చు లేని పని ఇది. లెన్స్ ముందుకొనకు బిగించిన పోలరైజర్, దాని కింద యూవీ ఫిల్టర్, పైన హుడ్, ఇవన్నీ జారే భాగం మీదే వేలాడుతుంటాయి. నిలువుగా కిందికి తీసేటప్పుడు వాటిని విప్పేయండి. అంచుమీద ఉన్న లెన్స్‌లు, అంటే ఒకసారి జారి ఒకసారి ఆగేవి, ఇంతమాత్రానికే నిలబడతాయి.

జారనిచ్చే వైపు కాకుండా ఆగే వైపు వాడుకోండి

నాకు అన్నిటికంటే నచ్చిన ఉపాయం ఇదే, ఎందుకంటే దీనికి ఏ వస్తువూ అక్కర్లేదు. కిందికి వంచినప్పుడు లెన్స్ పొడవు పెరుగుతుంది. అప్పటికే పూర్తిగా సాగి ఉంటే ఇంకెక్కడికి పోతుంది? కాబట్టి కిందికి తీసేటప్పుడు బ్యారెల్ అత్యంత పొడవుగా ఉండే చివరన పెట్టి, ఫ్రేమ్ సరిపోయేలా కెమెరా ఎత్తును మార్చుకోండి. పైకి తీసేటప్పుడు బ్యారెల్ అత్యంత పొట్టిగా ఉండే చివరన పెట్టండి. చార్మినార్ కింద నిలబడి మినార్లను తీయాలంటే సాధారణ జూమ్‌తో 18 దగ్గర పెట్టి తీయడమే ఎలాగూ నప్పుతుంది. మొదటి అంతస్తు ఎక్కి కింద లాడ్ బజార్ వైపు జనాన్ని తీయాలంటే 200 చివర దాకా సాగదీసి తీయండి.

ఒక జాగ్రత్త. ఎక్కువ జూమ్ అంటే ఎక్కువ పొడవు అన్న లెక్క అన్ని లెన్స్‌లకూ వర్తించదు. కానన్ 2002లో తెచ్చిన 24-70 ఎఫ్ 2.8 ఎల్ 24 దగ్గరే అత్యంత పొడవుగా ఉంటుంది, 70 వైపు పోతే ముడుచుకుంటుంది. మీ లెన్స్‌ను రెండు చివర్లకూ తిప్పి కళ్లతో చూసి నిర్ణయించుకోండి.

జూబ్లీహిల్స్ కేఫ్‌ల కోసమో, ఇంటి వంటల చానల్ కోసమో బిర్యానీ పళ్లేలను రోజూ పైనుంచి తీసేవాళ్లకు మాత్రం నా సలహా వేరు. 35 ఎంఎం లేదా 50 ఎంఎం ప్రైమ్ లెన్స్ ఒకటి ఈ పనికి పెట్టుకోండి. జూమ్ లేని లెన్స్‌లో జారడానికి జూమే లేదు. పాత దస్తావేజులు, తాతల నాటి ఫొటోలు కాపీ చేసేవాళ్లకూ ఇదే మేలు, అంచుల్లో గీతలు వంకర పోవడం కూడా తగ్గుతుంది.

రబ్బరు బ్యాండ్ వేయడం

ఇక అసలు మందు. మధ్య రేంజ్‌లో, చేతిలో పట్టుకుని, పైకీ కిందికీ తిప్పుతూ తీయాలంటే ఇదే దారి.

దీని సూత్రం చిన్నదే. లెన్స్ మీద తిరిగే జూమ్ రింగ్, దాని పక్కనే తిరగని బ్యారెల్ ఉంటాయి. వాటి మధ్య సన్నని గీతలాంటి సందు ఉంటుంది. వెడల్పాటి రబ్బరు బ్యాండ్‌ను సరిగ్గా ఆ సందు మీద, కొంత రింగ్ మీదికీ కొంత బ్యారెల్ మీదికీ వచ్చేలా వేయాలి. మీరు చేత్తో తిప్పినప్పుడు రబ్బరు బ్యారెల్ మీద రాసుకుంటూ తిరగనిస్తుంది. లెన్స్ బరువు మాత్రం ఆ రాపిడిని గెలవలేదు. చాలామంది బ్యాండ్‌ను మొత్తం జూమ్ రింగ్ మీదే వేసి, ఇది పనిచేయదని తీసేస్తారు. రింగ్ మీదే ఉంటే అది రింగ్‌తో పాటే తిరుగుతుంది, ఆపేది ఏముంది?

ముందుగా బ్యారెల్ చుట్టుకొలత తీసుకోండి. దారం ఒకసారి చుట్టి, స్కేలు మీద పెట్టి చూడండి. 75 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న లెన్స్‌కు అది దాదాపు 236 మిల్లీమీటర్లు వస్తుంది. బ్యాండ్ చుట్టుకొలత దీనికంటే పది నుంచి ఇరవై శాతం తక్కువ ఉంటే పట్టు సరిగ్గా ఉంటుంది. మరీ చిన్నదైతే రింగ్ తిప్పడానికి కుస్తీ పట్టాలి.

దేనితో వేయాలన్నదానికి నా మొదటి ఓటు సిలికాన్ రిస్ట్‌బ్యాండ్‌కే. మారథాన్లలో, కాలేజీ ఫెస్టుల్లో చేతికి వేసుకోమని ఇస్తారు కదా, అదే. మామూలుగా దాని చుట్టుకొలత 20 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, వెడల్పు 12 మిల్లీమీటర్లు. 70 నుంచి 80 మిల్లీమీటర్ల బ్యారెల్‌కు కొలిచి చేసినట్టు సరిపోతుంది. ఎండకు అంటుకుపోదు, మరక పడదు. అక్షరాలు చెక్కిన వైపు బయటికి ఉంచి, నున్నటి వైపు లెన్స్‌కు తగలనివ్వండి. ఇదే పని కోసం తయారుచేసిన సిలికాన్ లెన్స్ బ్యాండ్లు కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పనితీరులో పెద్ద తేడా ఉండదు.

రెండోది బైకు ట్యూబు. మీ వీధి చివర పంక్చర్ షాపులో పాడైన ట్యూబు ముక్క అడిగితే ఇస్తారు. సైకిల్ ట్యూబు చాలా లెన్స్‌లకు మరీ బిగుతవుతుంది, బైకు లేదా స్కూటర్ ట్యూబు తీసుకోండి. ట్యూబును నేల మీద చదునుగా నొక్కి వెడల్పు కొలవండి. ఆ వెడల్పుకు రెట్టింపే దాని చుట్టుకొలత. 10 సెంటీమీటర్లు ఉంటే 20 సెంటీమీటర్ల రింగ్ వస్తుంది. పదునైన కత్తెరతో ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పున, అంచులు గరుకు లేకుండా కోయండి. లోపల తెల్లటి పొడి ఉంటుంది. అది లెన్స్ సందుల్లోకి పోకూడదు కాబట్టి సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి, పూర్తిగా ఆరాకే వేయండి. తెల్లటి పెయింట్ ఉన్న లెన్స్‌లకు ఇది వద్దు, నల్ల మరకలు పడొచ్చు.

కిరాణా షాపులో పొట్లాలకు వేసే సన్న రబ్బరు బ్యాండ్లు ఒక పూటకు, అత్యవసరానికి మాత్రమే. రెండు మూడు పక్కపక్కనే వేస్తే పని జరుగుతుంది. సాయంత్రానికి తీసేయండి. మన వేసవిలో అవి జిగురుగా మారి బ్యారెల్‌కు అతుక్కుంటాయి, గోకి తీయాల్సి వస్తుంది.

వేసే తీరు ఇది. లెన్స్‌ను పూర్తిగా ముడిచి, ముందు మూత పెట్టి, కెమెరాను మెత్తటి గుడ్డ మీద ఉంచండి. బ్యారెల్‌ను పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి, ఇసుక రేణువు ఒక్కటి రబ్బరు కింద ఉన్నా గీత పడుతుంది. బ్యాండ్‌ను రెండు చేతుల వేళ్లతో వెడల్పుగా సాగదీసి ముందువైపు నుంచి దింపండి, ఈడ్చకండి. సందు మీదికి వచ్చాక వదలండి. మొదట రింగ్ మీద మూడు నాలుగు మిల్లీమీటర్లు, మిగతాది బ్యారెల్ మీద ఉండనివ్వండి. పేజీ పరీక్ష మళ్లీ చేయండి. ఇంకా జారుతుంటే బ్యాండ్‌ను రింగ్ వైపు మరికొంత జరపండి. రెండు వేళ్లతో జూమ్ సాఫీగా తిరుగుతూ, వదిలితే ఎక్కడిదక్కడ ఆగిపోతే సరిగ్గా కుదిరినట్టు. అరచేయంతా పెట్టి తిప్పాల్సి వస్తే బిగువు ఎక్కువైంది, బ్యాండ్ వెడల్పు తగ్గించండి.

బ్యాండ్ కింద ఫోకస్ రింగ్ పడకుండా చూసుకోవడం చాలా ముఖ్యం. కొన్ని చవక లెన్స్‌లలో ఆటోఫోకస్ చేసేటప్పుడు ఫోకస్ రింగ్ తానే తిరుగుతుంది. దాన్ని రబ్బరు పట్టేస్తే చిన్న మోటారు మీద భారం పడి కాలిపోయే ప్రమాదం ఉంది. ఆటోఫోకస్, మాన్యువల్ ఫోకస్ మార్చే ఏఎఫ్/ఎంఎఫ్ స్విచ్, దూరం చూపే కిటికీ, లాక్ స్విచ్ కూడా బయటికి కనపడాలి. జూమ్ అంకెలకు ఎదురుగా ఉండే తెల్లగీత బ్యాండ్ కింద దాగిపోతే, బ్యాండ్ మీదే ఆ చోట తెల్ల పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

రోజంతా జూమ్ తిప్పుతుంటే బ్యాండ్ మెల్లగా ఒక వైపుకు పాకుతుంది. మధ్యమధ్యలో చూసి సర్దండి. పని అయ్యాక తీసి విడిగా పెట్టుకోవడం మంచి అలవాటు. మే నెలలో పార్క్ చేసిన కారులో బ్యాండ్ వేసిన లెన్స్‌ను అస్సలు వదలకండి.

పైకెత్తినప్పుడు ముడుచుకునే లెన్స్‌కు ఇంకో చిట్కా ఉంది. కావలసినంత జూమ్ చేశాక, బయటికి వచ్చిన సన్న బ్యారెల్ మీద, పెద్ద బ్యారెల్ అంచుకు ఆనుకుని మందపాటి బ్యాండ్ వేయండి. అది అడ్డుకట్టలా నిలబడి లోపలికి పోనివ్వదు. జూమ్ మార్చాలంటే బ్యాండ్ జరపాలి కాబట్టి ట్రైపాడ్ మీద ఒకే ఫ్రేమ్‌తో కూర్చునే పనికే ఇది పనికొస్తుంది.

కదలకుండా గంటలు నిలబడాలంటే టేపు

టైమ్‌లాప్స్, నక్షత్రాలు, కాపీ పని. వీటికి రబ్బరు కంటే టేపు నమ్మకమైనది, ఎందుకంటే రబ్బరు కొంత సాగుతుంది. జూమ్, ఫోకస్ రెండూ ఖరారు చేసుకున్నాక జూమ్ రింగ్ మీది నుంచి కదలని బ్యారెల్ మీదికి, లెన్స్ పొడవునా, చిన్న టేపు ముక్కలు మూడు వేయండి. చుట్టూ సమాన దూరంలో ఉండాలి. ఒక్కొక్క ముక్క కొసను కొంచెం మడిచి పెడితే చీకట్లో కూడా పట్టుకుని లాగడం తేలిక.

టేపు ఎంపికలో పిసినారితనం వద్దు. స్టేజీ పనులకు వాడే గుడ్డ గాఫర్ టేపు మంచిది. అది లేకపోతే పెయింటర్లు వాడే పేపర్ మాస్కింగ్ టేపు రాత్రంతా ఆపుతుంది. ప్యాకింగ్ బ్రౌన్ టేపు, సెల్లో టేపు, ఎలక్ట్రీషియన్ల నల్ల ఇన్సులేషన్ టేపు వేయకండి, వేడికి జిగురు బ్యారెల్ మీదే ఉండిపోతుంది. అలా జిగురు మిగిలితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా గుడ్డకు అద్ది తుడవండి. ద్రవాన్ని నేరుగా లెన్స్ మీద పోయకండి, అచ్చువేసిన అంకెల మీద గట్టిగా రుద్దకండి.

మోసుకెళ్లేటప్పుడు

గోల్కొండ మెట్లు ఎక్కుతుంటే మెడలోని కెమెరా ప్రతి అడుగుకూ ఊగుతుంది, లెన్స్ కొంచెం కొంచెంగా సాగి బయటికి వస్తుంది. అలా సాగిన గొట్టం గోడకో, రెయిలింగ్‌కో తగిలితే లోపలి రోలర్ల మీద పక్కబరువు పడుతుంది. ఇప్పటికే వదులుగా ఉన్న లెన్స్ అక్కడినుంచి ఇంకా వదులవుతుంది. అమీన్‌పూర్ చెరువు గట్టున పక్షుల కోసం పొద్దంతా తిరిగేవాళ్లు పెద్ద లెన్స్‌ను ట్రైపాడ్ కాలర్‌కు (ట్రైపాడ్‌కు బిగించడానికి లెన్స్ చుట్టూ ఉండే పట్టు) పట్టీ తగిలించి మోస్తే మేలు. నడిచేటప్పుడు లెన్స్ పూర్తిగా ముడిచి లాక్ వేయండి. లాక్ లేకపోతే బ్యాండే లాక్. బైకు మీద వెళ్తుంటే కెమెరాను భుజానికి వేలాడదీయకండి. మన రోడ్ల గుంతల సంగతి తెలిసిందే. బ్యాగులో మెత్తటి అరల మధ్య, ముందుకు సాగే ఖాళీ లేకుండా పెట్టండి.

చేయకూడని పనులు

మెషీన్ ఆయిల్, డబ్ల్యూడీ-40 లాంటివి లెన్స్ దగ్గరికి రానివ్వకండి. జారేదాన్ని ఆపాలనుకుంటూ నూనె వేయడమే వింత, పైగా ఆ నూనె లోపలికి పాకి అపర్చర్ రేకులకు అంటితే అవి అతుక్కుపోతాయి. ఫెవిక్విక్ లాంటి జిగురు సందులో వేయొద్దు. దాని ఆవిరి గాజుల మీద తెల్లటి పొరలా పట్టే అవకాశం ఉంది, రింగ్ శాశ్వతంగా బిగుసుకుపోతుంది. సందులోకి కాగితం మడిచి దూర్చడం, గుడ్డ పీలికలు కుక్కడం కూడా వద్దు, పీచు లోపలికి పోతుంది.

వీడియోలు చూసి లెన్స్‌ను ఇంట్లో విప్పే ప్రయత్నం అసలే వద్దని గట్టిగా చెబుతాను. లోపల పలచటి రిబ్బన్ కేబుళ్లుంటాయి. గాజుల అమరిక వెంట్రుకవాసి మారినా ఫొటోలో ఒక పక్క మసకగా వస్తుంది. దాన్ని మళ్లీ సరిచేయడానికి ప్రత్యేక పరికరాలు కావాలి.

రిపేరుకు ఎప్పుడు ఇవ్వాలి

ఇన్నాళ్లూ బిగుతుగా ఉన్న లెన్స్ కిందపడ్డాకో, దెబ్బ తగిలాకో ఉన్నట్టుండి జారడం మొదలుపెడితే బ్యాండ్‌తో సరిపెట్టకండి. ముందు గొట్టాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. కొద్దిపాటి కదలిక చాలా లెన్స్‌లకు మామూలే. గలగలమని శబ్దం వస్తున్నా, తిప్పేటప్పుడు ఒకచోట గరగరమన్నా, ఫొటోలో ఒక మూల మాత్రమే మసకగా ఉన్నా లోపల రోలరో స్క్రూవో వదులైందని అర్థం. ఇంకా వాడితే గాడి అరిగి ఖర్చు పెరుగుతుంది.

వారంటీ ఉంటే నేరుగా ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. లేదంటే కోఠి, అబిడ్స్ వైపు కెమెరా దుకాణాల్లో అడిగితే లెన్స్‌లు బాగుచేసేవాళ్లను చెబుతారు. ఒకరిద్దరి దగ్గర వాకబు చేసి ఇవ్వండి. ఇచ్చేముందు ఫిల్టర్, హుడ్, మూతలు ఇంట్లోనే ఉంచుకోండి. సీరియల్ నంబరు కనపడేలా ఫొటో తీసుకుని, రసీదు మీద కూడా రాయించుకోండి. లెన్స్ పాడైంది అని మాత్రమే చెప్పి ఊరుకోకండి. కిందికి వంచితే 50 నుంచి 135 దాకా జారుతోంది, పైకెత్తితే ఆగుతోంది అని మీ కాగితం చూసి చెప్పండి. రోలర్లు, రాపిడి పట్టీలు మారుస్తారా, ఉత్త గ్రీజు వేసి ఇస్తారా అని అడగండి. గ్రీజుతో మాత్రమే వచ్చిన బిగువు ఎండాకాలానికి మళ్లీ పలచబడొచ్చు. అంచనా ఖర్చు ముందే రాయించుకోండి. ఆ మొత్తం అదే లెన్స్ సెకండ్‌హ్యాండ్ ధరలో సగానికి దగ్గరగా ఉంటే, గాజులు బాగున్నంతకాలం రిస్ట్‌బ్యాండ్‌తోనే నడిపించమంటాను.

తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే కెమెరాకు తగిలించి, జూమ్‌ను మధ్యలో పెట్టి, నేల వైపు వంచి పూర్తిగా ఒక నిమిషం పట్టుకోండి. తర్వాత పైకప్పు వైపు ఎత్తి ఇంకో నిమిషం. అదే ఊపులో దుకాణం గోడను నేరుగా ఒక ఫొటో తీసి, నాలుగు మూలలనూ స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. జారడం ఆగి, నాలుగు మూలలూ ఒకే తీరుగా స్పష్టంగా ఉన్నాకే డబ్బు కట్టండి.